బండి లెక్కే గాని మనిషి లెక్కేది?

మా తాత లెక్క కామందు చిట్టాలో ఉండేది. మా నాయన లెక్కా ఆ చిట్టాలోనే ఉండేది. నా లెక్క మా ఓనరు సెల్‌ఫోన్‌లో ఉంది. లెక్క రాసే సాధనం మారింది గాని, ఆ లెక్క ఎవరి చేతిలో ఉందనేది మారలేదు. ముప్పయ్యేళ్లకు పైగా లారీ మీద బతికినోణ్ణి. నాకు తెలిసిన ఈ ఒక్క సంగతి చెప్పుకుందామని రాస్తున్నా.

మాది పల్నాడు వైపు పల్లె. ఊరికి దిగువన మా మాదిగపల్లె. మా తాత ఏడాదికి ఇన్ని బస్తాల జొన్నలకని పాలేరుతనం చేసినోడు. ఉగాదికి ఒప్పందం. జ్వరమొచ్చినా, ఇంట్లో పీనుగు లేచినా, పనికి రాని రోజు 'నాగా' అని చిట్టాలో పడేది. అదే తాత రాత్రంతా చేలో కాపలా ఉండి, తెల్లారి మళ్లీ అరక కట్టిన రోజు మాత్రం ఏ చిట్టాలోనూ పడేది కాదు. నాగా రాస్తారు, కాపలా రాయరు. తాతకి చదువు లేదు. ఏడాది చివర కామందు చదివిందే లెక్క. ఎప్పుడు చదివినా మా తాతే బాకీ తేలేవాడు. ఆ బాకీ కిందనే మా నాయన పదేళ్ల వయసులో అదే కొట్టంలో గొడ్లకాడ కుదిరాడు.

నాయన నన్ను మాత్రం బడికి పంపాడు. పదో తరగతి దాకా వెళ్లి లెక్కల్లో తప్పాను. 1991 ఆగస్టులో చుండూరు జరిగింది. ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి నరికి చంపారు. మాకూ ఆ ఊరికీ మధ్య చాలా దూరముంది గాని ఆ భయం, ఆ కోపం మా పల్లె దాకా వచ్చినయ్. ఆ ఏడు మా ఈడు కుర్రోళ్లం ఎవరమూ పాలేరుతనానికి కుదరలేదు. కొందరు క్వారీలకు పోయారు. ఇద్దరు చర్చి హాస్టలు పట్టుకుని చదువుకున్నారు. నేను లారీ ఎక్కాను. క్లీనర్ని.

లారీ ఎక్కటమంటే నాకు ఊరు దిగటమే. ఊళ్లో చెప్పులేసుకుని నడిస్తే అడిగేవాళ్లున్న రోజులు. లారీ ఎక్కి చిలకలూరిపేట దాటితే నన్నెవరూ ఎరగరు. డాబాలో నులక మంచం మీద కూర్చుని అందరూ తినే ప్లేటులో తిన్నాను. మొదటిసారి అట్టా తిన్న రోజు రొట్టె గొంతు దిగటానికి చాలాసేపు పట్టింది. ఎవరన్నా వచ్చి లేవమంటారేమోనని. అయితే కులం రోడ్డు మీద పూర్తిగా పోయిందనుకోవద్దు. నాకు బండి నేర్పిన గురువు మంచోడే, గేర్లు మార్చటం, చక్రం విప్పటం, తాడు బిగించటం దగ్గరుండి నేర్పాడు. కాని క్యాబిన్లో ఆయన నీళ్ల క్యాను వేరు, నా సీసా వేరు. ఆయన క్యాబిన్లో పడుకుంటే నేను లోడు మీద పట్టా కప్పుకుని పడుకునేవాణ్ణి. వానొస్తే బండి కింద. ఏడేళ్లు క్లీనరుగా చేశాక 1998లో హెవీ లైసెన్సు వచ్చింది. అప్పుడు నాయన నా లైసెన్సు తీసుకుని పల్లెంతా చూపించుకొచ్చాడు. అందులో నా పేరు, నాయన పేరు, ఫొటో ఉన్నయ్. మా ఇంట్లో ప్రభుత్వ ముద్ర పడ్డ మొదటి గుర్తింపు అదే.

ఆ రోజుల్లో మాకుండే లెక్కంతా ట్రిప్ షీటు. ఎక్కడ లోడు ఎత్తాం, ఎక్కడ దించాం, డీజిల్ ఎంత, బత్తా ఎంత, చెక్‌పోస్టులో ఎంత, పోలీసుకెంత. చిన్న పుస్తకంలో పెన్సిలుతో రాసుకునేవాళ్లం. ఓనరుకు ఫోన్ చెయ్యాలంటే ఎస్టీడీ బూత్. రోజుకోసారి చేస్తే గొప్ప. కళ్లు మూతలు పడుతుంటే బండి పక్కన పెట్టి నాలుగు గంటలు పడుకుని, తర్వాత బూత్ నుంచి "రెండు పంక్చర్లయినయ్ అండీ" అని చెప్పేవాళ్లం. ఓనరుకీ తెలుసు అది పంక్చర్ కాదని. ఆయన నిద్ర అని అడగడు, మేము నిద్ర అని చెప్పం. లారీ డ్రైవరుకు దొరికిన సెలవు పేరు పంక్చరు.

పైగా అప్పుడు బండిలో ముగ్గురం. ఇద్దరు డ్రైవర్లు, ఒక క్లీనరు. ఒకడు నడిపితే ఒకడు పడుకునేవాడు. మా పల్లెల్లో కుర్రోళ్లు డ్రైవర్లయింది ఆ క్లీనరు సీటు మీదనే. అదే మా ఐటీఐ. రాన్రాను కిరాయి గిట్టటం లేదని మొదట సెకండ్ డ్రైవర్ని తీసేశారు. తర్వాత క్లీనర్ని తీసేశారు. ఇప్పుడు పన్నెండు టైర్ల బండి మీద నేనొక్కణ్ణే. నడిపేదీ నేనే, టైర్లకు గాలి చూసేదీ నేనే, పట్టా కట్టేదీ నేనే, రాత్రి డీజిలు ట్యాంకుకు కాపలా కాసేదీ నేనే.

2017లో మా బండికి జీపీయస్ డబ్బా పెట్టారు. ఆటోనగర్ నుంచి మెకానిక్కు వచ్చి డాష్‌బోర్డు వెనక వైర్లు విప్పి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా ఒకటి బిగించాడు. బ్యాటరీ నుంచి కరెంటు, లోపల ఒక సిమ్ కార్డు. అరగంట పని. ఇదేందని అడిగితే "బండి దొంగలెత్తుకుపోకుండా" అన్నాడు. వారం తిరక్కుండానే అది ఎందుకో తెలిసింది. ఒంగోలు దాటాక టీకని ఆగితే ఫోన్ వచ్చింది. ఓనరు కొడుకు. నా కొడుకు వయసువాడు. "ఏమయ్యా, ఇరవై రెండు నిమిషాలైంది ఆగి, ఏం చేస్తున్నావ్?" అన్నాడు. ఒంటేలుకి పోయినా ఫోనే. బండి నడుస్తుంటే వాళ్ల ఫోన్‌లో పచ్చ చుక్క. ఇంజను ఆన్‌లో ఉండి ఆగితే పసుప్పచ్చ. ఇంజను ఆపితే ఎర్ర చుక్క. పైన కాలం, కిలోమీటర్లు, స్పీడు. మా తాత కాలంలో కామందు గట్టు మీద గొడుగేసుకుని నిలబడేవాడు. ఎండెక్కువైతే ఇంటికన్నా పోయేవాడు. ఈ గొడుగుకి ఇంటికి పోవటం లేదు.

అయితే న్యాయంగా చెప్పాలి. ఈ యంత్రాల వల్ల మాకు కొంత మేలు జరిగింది. కాదంటే అబద్ధమాడినట్టవుతుంది.

ఒకటి, దొంగతనం మాట. బండిలో డీజిలు తగ్గితే, లోడులో బస్తా తగ్గితే, ముందు చూపు మా మీదకే వస్తుంది. "వాళ్ల బుద్ధులంతే" అనే మాట నేను చెవులారా విన్నాను. జీపీయస్‌తో పాటు ట్యాంకులో డీజిలు కొలిచే సెన్సారు కూడా పెట్టారు. ఒకసారి నలభై లీటర్లు తేడా వచ్చిందని నన్ను ఆఫీసులో నిలబెట్టారు. గ్రాఫు తీసి చూస్తే డీజిలు బండి షెడ్డులో ఉన్నప్పుడు తగ్గింది. ఆ రోజు నేను మా మేనకోడలి పెళ్లిలో ఉన్నాను. మనిషి నమ్మకపోయినా యంత్రం నా తరఫున సాక్ష్యం చెప్పింది. దానికి నా కులంతో పనిలేదు.

రెండు, టోల్‌గేటు. 2021 ఫిబ్రవరి నుంచి అన్ని లైన్లకూ ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. చిల్లర లెక్కలు, పోయిన రసీదులు, "వంద తక్కువొచ్చింది, బత్తాలో కోస్తా" అనటాలు తగ్గినయ్. మూడు, 2017 జూలైలో జీయస్టీ వచ్చాక సేల్స్ టాక్స్ చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఇంతకు ముందు రాష్ట్రం మారేచోట గంటలు గంటలు కాగితాలు పట్టుకుని నిలబడేవాళ్లం. అది పోయింది. మామూళ్లు మాత్రం పోలా. వాటికింకా ఫాస్టాగ్ రాలేదు.

ఇంత మేలు చేసిన యంత్రం మీద నాకు కోపమెందుకంటే, అది సగమే రాస్తుంది. బండి లెక్క రాస్తుంది, మనిషి లెక్క రాయదు.

గుంటూరు మిర్చియార్డు లోడు సంగతి చెబుతా. పొద్దున పదింటికి బండి పెడితే టిక్కీలు కాటా వేసి ఎత్తేసరికి సాయంత్రమవుతుంది. అంతసేపూ ఘాటులో నిలబడాలి. టిక్కీలు లెక్కపెట్టుకోవాలి, వరస సరిగా పడిందా చూసుకోవాలి, పట్టా కప్పి తాళ్లు బిగించాలి. తుమ్ములు, దగ్గు, కళ్లమంట. రాత్రి ఎనిమిదింటికి బండి కదులుతుంది. ఓనరు ఫోన్‌లో ఆ పది గంటలూ ఎర్ర చుక్కే. "పగలంతా రెస్టు తీసుకున్నావుగా, రాత్రికి విశాఖ దాటించెయ్" అంటాడు. కలకత్తా చేరినా అంతే. పగలు పెద్ద లారీల్ని ఊళ్లోకి రానివ్వరు. రాత్రిదాకా బయట రోడ్డు పక్కన కాసుక్కూర్చోవాలి. నిద్రపోతే పట్టా కోస్తారు, డీజిలు తీస్తారు. అదీ ఎర్ర చుక్కే. ఆగిన బండిలో డ్రైవరు ఆగి లేడని ఆ చుక్కకు తెలియదు. నాగా రాసి కాపలా రాయని చిట్టా గుర్తొచ్చేది నాకు ఇక్కడే.

గుంటూరు నుంచి కలకత్తా దగ్గర దగ్గర 1250 కిలోమీటర్లు. సరుకు వెంట ఈ-వే బిల్లు ఉంటుంది. 2018 ఏప్రిల్లో మొదలైనప్పుడు వంద కిలోమీటర్లకు ఒక రోజు గడువిచ్చేవారు. 2021 జనవరి నుంచి రెండొందల కిలోమీటర్లకు ఒక రోజు చేశారు. ఆ లెక్కన కలకత్తాకు ఏడు రోజుల గడువు. సర్కారు కాగితం ఏడు రోజులిస్తే మా ఓనరు రెండున్నర రోజులిస్తాడు. అంటే రోజుకు 500 కిలోమీటర్లు. లోడు బండి ఊళ్లూ, ట్రాఫిక్కూ, ఘాట్లూ కలుపుకుని గంటకు సగటున 35 వెళితే గొప్ప. అంటే రోజుకు 14 గంటలకు పైగా స్టీరింగు మీదే. తిండి, స్నానం, టైరు, పోలీసు వీటికి మిగిలింది పది గంటలు. అందులోనే నిద్ర.

చట్టం లేదా అంటే ఉంది. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. స్టీరింగు పట్టిన కాలమే కాదు, లోడు ఎత్తటం దించటం లాంటి పనులు కూడా ఆ గంటల్లోకే వస్తాయని అందులో ఉంది. ఈ సంగతి నాకు బండెక్కిన ఇరవై అయిదేళ్లకు తెలిసింది. అదీ మా పల్లెలో లా చదివిన తమ్ముడొకడు చెబితే. అయితే అయిదుగురు, అంతకు మించి పనివాళ్లుంటేనే ఆ చట్టం వర్తించేది. మా ఓనరుకు ఆరు లారీలు. కాగితం మీద రెండు ఆయన పేరున, రెండు భార్య పేరున, రెండు బావమరిది పేరున. ఎక్కడా అయిదుగురు తేలరు. తర్వాత ఆ చట్టాన్ని 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిపేశారు. ఆ కోడ్ 2025 నవంబరులో అమల్లోకి తెచ్చారు. అందులో అయిదు పోయి పది అయింది. ఇంక బావమరిదితో కూడా పనిలేదు.

ఇంకొకటి. 2018 నవంబరులో కేంద్రం మోటారు వాహనాల నియమాలు మార్చింది. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లక్కర్లేదు, ఒకడు చాలంది. కాకపోతే ఆ ఒక్కడు రోజుకు 8 గంటలకు మించి నడపగూడదంది. అదే సవరణలో కొత్త నేషనల్ పర్మిట్ బళ్లకు జాడ తెలిపే డబ్బా ఉండాలని, ఫాస్టాగ్ ఉండాలని కూడా పెట్టింది. చూడండి. ఒకే కాగితం మీద గంటల నియమమూ ఉంది, గంటలు కొలవగల యంత్రమూ ఉంది. ఈ రెంటినీ కలిపే వాక్యం లేదు. రెండో డ్రైవర్ని తీసెయ్యటం వెంటనే జరిగింది. డబ్బా పెట్టటం జరిగింది. 8 గంటలు మాత్రం కాగితం మీదే ఉండిపోయినయ్.

ఈ 8 గంటలు మాకు ఎవరో దయతల్చి ఇచ్చింది కాదు. అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో లేబరు మెంబరుగా ఉన్నప్పుడు, ఫ్యాక్టరీ కార్మికుల పనిని వారానికి 54 గంటల నుంచి 48కి తగ్గించే బిల్లు 1946లో తెచ్చాడు. మా సంఘాల సభల్లో అంబేద్కర్‌ను రాజ్యాంగం దగ్గరే తలుస్తారు. గంటల దగ్గర కూడా తలవాలి. నేను బండి ముందద్దం మీద ఆయన బొమ్మ అంటించుకుంటే ఓనరు గోకించి తీసేయించాడు, "బండికి గొడవలొద్దు" అని. దేవుళ్ల బొమ్మలతో గొడవలు రావు కాబోలు.

డంకుని దగ్గర రోడ్డు పక్కన కాసుక్కూర్చున్నప్పుడు ఒక పంజాబీ డ్రైవరు కలిశాడు. సర్దార్జీ పెద్దాయన. వాళ్ల తమ్ముడి కొడుకు కాలిఫోర్నియాలో ట్రక్కు నడుపుతాడట. ఆయన చెప్పాకే నాకు అమెరికా సంగతి తెలిసింది. తర్వాత మా లా తమ్ముణ్ణి అడిగి వివరం రాయించుకున్నా. అక్కడ డ్రైవర్లు ఎంతోకాలం నుంచి కాగితం మీద గంటలు రాసేవారు. 2017 డిసెంబరు 18 నుంచి ఎలక్ట్రానిక్ లాగ్ తప్పనిసరి చేశారు. ఇంజనుకు తగిలించిన పెట్టె. వరసగా పది గంటలు విశ్రాంతి తీసుకున్నాకే మళ్లీ స్టీరింగు పట్టాలి. పట్టాక పద్నాలుగు గంటల వ్యవధిలో పదకొండు గంటలే నడపాలి. ఎనిమిది గంటలు నడిపితే అరగంట ఆగాలి. పెట్టె బండిని ఆపదు. గంట దాటితే దాటిందని రాసిపెడుతుంది. తనిఖీలో దొరికితే అక్కడికక్కడే ఆపేస్తారు.

అక్కడి డ్రైవర్లూ ఆ పెట్టె మీద గొడవ చేశారట. సర్దార్జీ తమ్ముడి కొడుక్కీ అది గిట్టదట. ఎందుకంటే జీతం మైలు లెక్కన ఇస్తారు. గోడౌను దగ్గర నాలుగు గంటలు ఊరికే నిలబెడితే ఆ పద్నాలుగు గంటల్లోంచి నాలుగు పోయినట్టే, పైసా రాదు. గంట అయిపోయేసరికి బండి పెట్టటానికి చోటుండదు. వింటుంటే నాకు మా మిర్చియార్డే కళ్ల ముందు మెదిలింది. దేశం ఏదైనా నిలబెట్టిన గంటలకు విలువ లేదు. కాని ఒక తేడా ఉంది. ఆ పెట్టె రాసేది డ్రైవరు పేరున. డ్రైవరు తన లెక్క తను చూసుకోవచ్చు, సరి చూసి సంతకం పెట్టాలి. ఓనరు గంటలు మార్చాలంటే డ్రైవరు ఒప్పుకోవాలి. నాకు ఆ మాటే తలలో తిరిగింది. లెక్క డ్రైవరుది. మా డబ్బాలో నా పేరే లేదు. బండి నంబరుంది.

మా బావ పోయింది 2022లో. మా అక్క మొగుడు. నాకంటే ముందు నుంచీ లారీ మీదున్నవాడు. కలకత్తా నుంచి తిరుగు లోడుతో వస్తూ, శ్రీకాకుళం జిల్లాలో తెల్లారుజామున రోడ్డు పక్కన ఆగిన లారీని వెనక నుంచి గుద్దాడు. బ్రేకు వేసిన మరక రోడ్డు మీద లేదు. అంటే కళ్లు మూతలు పడ్డాయని లారీ తెలిసినోడికి ఎవరికైనా అర్థమవుతుంది. పేపర్లో నాలుగు లైన్లు వేశారు, "డ్రైవర్ నిర్లక్ష్యంతో ప్రమాదం" అని. పోలీసు కాగితంలోనూ నిర్లక్ష్యమే. చచ్చినోడి మీద కేసు. ఊళ్లో తాగి నడిపాడన్నారు. మా బావ జీవితంలో మందు ముట్టనివాడు, చర్చిలో పాటలు పాడేవాడు. అక్క ఏడుస్తూ అడిగింది ఒకటే, "తాగలేదని ఎవరైనా రాస్తారా తమ్ముడా?" అని.

నష్టపరిహారం కేసు లేబరు ఆఫీసులో వేశాం. ఓనరు మొదట బావ తన దగ్గర పనివాడే కాదన్నాడు, ఒక్క ట్రిప్పుకు పిలిచానన్నాడు. జీపీయస్ లెక్క ఇమ్మంటే మూడు నెలలకు మించి పాతది ఉండదన్నారు. మేము కేసు వేసేసరికి నాలుగో నెల. టీ తాగిన ఇరవై రెండు నిమిషాలు లెక్కపెట్టిన యంత్రం మనిషి చస్తే మూడు నెల్లకి మర్చిపోయింది.

అప్పుడు లా చదివిన తమ్ముడికి ఫాస్టాగ్ తట్టింది. టోల్‌గేటు దాటిన ప్రతిసారీ బ్యాంకు లెక్కలో గేటు పేరు, టైము పడుతుంది. వకీలు చేత అది తెప్పించాం. కాగితం ముందేసుకుని నేనూ తమ్ముడూ ఒక రాత్రంతా కూర్చున్నాం. ఖరగ్‌పూర్ దగ్గర గేటు దాటింది పొద్దున 6 గంటలకు. మడపాం గేటు దాటింది మర్నాడు తెల్లారుజామున 3 గంటల 20 నిమిషాలకు. మధ్యన 640 కిలోమీటర్లు. గేటుకు గేటుకు మధ్య దూరం, పట్టిన టైము విడివిడిగా లెక్కేశాం. గంటకు 35 చొప్పున 18 గంటలకు పైగా నడిపాడు. మిగిలిన మూడు గంటలు నాలుగైదు చోట్ల ముక్కలు ముక్కలుగా. ఎక్కడా గంట నిద్రకు సరిపడా ఖాళీ లేదు. పదో తరగతి లెక్కల్లో తప్పినవాణ్ణి. ఆ రాత్రి నేను వేసిన లెక్క మాత్రం తప్పలేదు.

ఆ కాగితం వల్ల బావ ఆ ట్రిప్పులో ఓనరు పని మీదే ఉన్నాడని తేలింది. పరిహారం వచ్చింది. అక్క పిల్లల చదువు నిలబడింది. కాని గంటల సంగతి ఆ ఆర్డరులో ఒక్క ముక్క లేదు. మా వకీలు చెప్పాడు, ఈ చట్టానికి పనిలో ప్రాణం పోయిందా లేదా అన్నదే కావాలి, ఎవరి తప్పన్నది అక్కర్లేదు అని. అది పనివాడి మేలుకే పెట్టారట, నిజమే. కాని అక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఏ ఆఫీసులోనూ రాలేదు. నిర్లక్ష్యం ఎవరిది? 18 గంటలు నడిపి కళ్లు మూసుకున్నవాడిదా, ఆ పచ్చ చుక్క 18 గంటలు చూస్తూ కూర్చున్నవాడిదా?

2024 జనవరి మొదట్లో డ్రైవర్లు దేశమంతా బళ్లాపారు. గుద్ది చెప్పకుండా పోతే పదేళ్ల జైలని కొత్త నేరచట్టంలో పెట్టినందుకు. హైదరాబాదులో పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరినప్పుడు మేము జనానికి కనపడ్డాం. ఆ ఏడు జూలైలో చట్టం అమల్లోకి వచ్చింది గాని ఆ ముక్కను పక్కన పెట్టారు. మంచిదే. గుద్ది పారిపోవటం తప్పని నేనూ అంటాను. కాని ఆ రెండు రోజులూ టీవీల్లో నేను విన్న ఏ చర్చలోనూ గంటల మాట రాలేదు. నిద్ర మాట రాలేదు. 2021లో కేంద్ర మంత్రి గడ్కరీ విమానం పైలెట్లకున్నట్టు లారీ డ్రైవర్లకూ గంటలు నిర్ణయించాలన్నాడు. కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ పెట్టాలని నియమం తెచ్చారు. చల్లగా కూర్చోబెట్టటానికి నియమం వచ్చింది గాని దిగి పడుకోబెట్టటానికి రాలేదు.

బావ పోయిన దగ్గర్నుంచి నేను నోటుపుస్తకం పెట్టాను. అడ్డంగా గీతలు గీసి నాలుగు గళ్లు. నడిపింది. లోడు పని. కాపలా. నిద్ర. ఎక్కడ ఆగితే అక్కడ టైము రాస్తాను. మొదటి నెల చివర కూడితే నిద్ర గడి చూసి నాకే భయమేసింది. ట్రిప్పులో ఉన్న రోజుల్లో సగటున నాలుగు గంటలు లేదు. ఓనరు కొడుకు "నీకెందుకయ్యా ఈ రాతలు" అన్నాడు. మీ ఫోన్లో మీరు రాసుకుంటున్నారు కదండీ, నా పుస్తకంలో నేను రాసుకుంటున్నా అన్నాను. ఒక నెల నాకు లోడు ఇవ్వలేదు. వేరే బండి చూసుకున్నాను. ఇప్పుడు మా పల్లెలోనూ పక్క మాలపల్లెలోనూ కలిపి పదకొండు మంది డ్రైవర్లం ఇట్టాంటి పుస్తకాలు రాస్తున్నాం. రాయటం రానివాళ్లు ఫోన్లో గొంతు రికార్డు చేసి ఇంటికి పంపిస్తారు. పిల్లలు రాసిపెడతారు. ఏడో తరగతి ఆడపిల్ల వాళ్ల నాన్న నిద్ర లెక్క కూడుతుంటే చూశాను.

ఈ పుస్తకం చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లు, సంఘాల్లో తిరిగేవాళ్లు. మీతో నాకు పనుంది. యంత్రం వద్దని మేము అనటం లేదు. యంత్రం మాకూ కావాలంటున్నాం. ఆ డబ్బా రాసే లెక్క నకలు డ్రైవరు ఫోన్‌కు కూడా రావాలి. బండి నంబరు మీద కాదు, డ్రైవరు పేరు మీద రావాలి. లోడు దగ్గర, కాపలా దగ్గర గడిచిన గంటలు పని గంటలుగా పడాలి. 8 గంటలు దాటితే ఆ సంగతి లేబరు ఆఫీసుకు తెలియాలి. ప్రమాదం జరిగితే ఆ లెక్క చెరిపేసే హక్కు ఎవరికీ ఉండగూడదు. పదిమంది లేరని చట్టం మమ్మల్ని వదిలెయ్యగూడదు, ఒక్క డ్రైవరున్నా వర్తించాలి. జరిగే పనులే ఇవన్నీ. డబ్బా ఇప్పటికే బిగించి ఉంది. మా పుస్తకాలు తీసుకోండి, లెక్కలు వెయ్యండి, అర్జీ రాయండి. మాకు నడపటం వచ్చు గాని ఢిల్లీకి కాగితం నడపటం రాదు.

రేపు యార్డులో లోడుంది, మళ్లీ కలకత్తాకే. కొత్త ఓనరు ఫోన్ చేసి ఎప్పటికి చేరతావన్నాడు. రోజుకు ఎనిమిది గంటలు నడుపుతా, అయిదో రోజు సాయంత్రానికి చేరతానండీ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "పొద్దున ఆఫీసుకు రా, మాట్లాడదాం" అన్నాడు. నోటుపుస్తకం తీసుకుని పోతున్నాను. నాతో పాటు ఇంకో ఆరుగురం పోతున్నాం.